మావయ్య మోకాలు నడిచిన దూరం

మార్చి 3

గుండుసూదికి,

మావయ్య ఆశీస్సులు. ఆశీస్సుల కంటే ముందు నీకొక పసుపు కార్డు.

ఆపరేషన్ రోజు నా కుడి మోకాల్లోంచి తీసిన ముక్కల్ని ఐసు పెట్టెలో సర్దుకుని, పసిబిడ్డను ఎత్తుకుపోతున్నట్టు రెండు చేతులా పట్టుకుని రైలెక్కావు. కాఫీ తాగి వెళ్ళమని అత్తయ్య అంటే "ఆలస్యమైతే చచ్చిపోతాయత్తయ్యా" అన్నావు. ఆ తరవాత అజాపజా లేవు. మీ ల్యాబు చేరాక బతికాయా, పోయాయా? సంతకం పెట్టి ఇచ్చినవాణ్ణి, అడిగే హక్కు నాకుంది.

ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు సగం మాట వినకముందే "సరే మావయ్యా, ఉంటా మావయ్యా" అంటావు. పైగా ఇన్నేళ్ళు విజిళ్ళు ఊది నా చెవులు సగం పోయాయి. ఉత్తరమైతే తీరిగ్గా రెండుసార్లు చదువుకోవచ్చు, నువ్వు ఎక్కడ దాటేశావో పట్టుకోవచ్చు.

ఇక్కడ కొత్త మోకాలు పనిచేస్తోంది. మెట్లెక్కుతున్నాను, దిగుతున్నాను. మెట్లెక్కడానికి రిఫరీ ఎందుకమ్మా? ఫుట్‌బాల్ రిఫరీ అన్నవాడు బంతి ఎక్కడుంటే అక్కడుండాలి. లోహం మోకాలితో పరుగులు వద్దని డాక్టరు ఖరాఖండీగా చెప్పేశాడు. ఎడమది కూడా అరిగిపోయిందట, వేసవిలో దాన్నీ మార్చేద్దామంటున్నాడు. నేను ఒప్పుకోలేదు. ఒక కాలు వాళ్ళకిచ్చాను, చాలు. నా కణాలతోనే నువ్వక్కడ కీళ్ళ మధ్య ఉండే మెత్తెముకను కొత్తగా పెంచుతుంటే నాకు ఇంకో ఇనుపముక్క దేనికి?

అత్తయ్య క్షేమం. ఆవిడ పొదుపే నా ప్రాణం మీదికొస్తోంది. ఏ సీసా అడుగున ఏం మిగిలినా ఇంకో సీసాలోకి ఒంపేస్తుంది. నిన్న షాంపూ అనుకుని తలకు రుద్దుకుంటే అందులో సగం గిన్నెలు తోమే ద్రవం. జుట్టు పీచులా లేచి నిలబడింది. ఇదేమిటని అడిగితే "రెండూ నురగే కదా" అంది. మా ఇంట్లో ఉండి చదువుకున్నన్నాళ్ళూ నువ్వూ ఆవిడ దగ్గర ఈ విద్యే నేర్చుకున్నావు.

జవాబు రాయకపోతే ఈసారి ఎర్ర కార్డే.

విజిలు మావయ్య


మార్చి 16

విజిలు మావయ్యకు,

గుండుసూది నమస్కారాలు. కార్డు జేబులో పెట్టేసుకోండి, ఇదిగో జవాబు.

మీ కణాలు బతికే ఉన్నాయి. మీరిచ్చిన ముక్కల్ని సన్నగా తరిగి, ఒక ద్రవంలో నానబెడితే కణాలు విడివడ్డాయి. వాటిని జెల్లీలో కలిపాం. ఆ జెల్లీ చేయడమే మా ల్యాబు నడిపే మేడమ్ జీవితమంతా చేసిన పని. మరీ గట్టిగా ఉంటే కణాలకు ఊపిరాడదు, మరీ పల్చగా ఉంటే నిలబడవు. ఆ జెల్లీ బొట్టును చిప్‌లో పెడతాం. చిప్ అంటే అగ్గిపెట్టెంత గాజులాంటి పలక. దాని లోపల వెంట్రుక కంటే సన్నటి కాలవలు ఉంటాయి, వాటిల్లోంచి కణాలకు తిండి ద్రవం పారుతూ ఉంటుంది. జెల్లీ కింద ఒక పల్చటి పొర. గాలి పంపితే ఉబ్బి జెల్లీని నొక్కుతుంది, ఆపితే దిగుతుంది. మనిషి నడిచినప్పుడు మోకాల్లో జరిగేదీ అదే. అంటే మీ కణాలు మా బల్ల మీద నడక నేర్చుకుంటున్నాయి.

నేర్చుకుంటున్నాయి అని మర్యాదకి అన్నాను. నిజానికి వాటంత బద్ధకపువాళ్ళను నేను చూడలేదు. తింటాయి, కూర్చుంటాయి. రోజూ మైక్రోస్కోపులో చూసి తిట్టి వస్తున్నాను. నాకు కుదురు లేదు. కాలుగాలిన పిల్లిలా బల్లకీ, కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటరుకీ మధ్య తిరుగుతుంటే పక్క బల్లావిడ "కణాల కంటే నువ్వే ఎక్కువ నడుస్తున్నావు" అంది.

ఆవిడ మంచిదే కానీ దుబారా మనిషి. నిన్న తన తిండి ద్రవం సీసాలో బోలెడు మిగిలితే సింకులో పారబొయ్యబోయింది. చెయ్యి పట్టుకుని ఆపి, నా సీసాలోకి ఒంపుకున్నాను. అదే ద్రవం, ఖరీదు వింటే మీకు కళ్ళు తిరుగుతాయి. శిష్యురాలు పేరు నిలబెట్టిందని అత్తయ్యకు చెప్పండి.

ఎడమ మోకాలి సంగతి. ఈ జెల్లీ మనుషుల దాకా రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో మేడమ్‌కే తెలియదు. డాక్టరు చెప్పినట్టు చేయించుకోండి. చిప్ మీద మీ పేరు రాయలేదు, అలిగేరు. ఎవరి కణాలకైనా నంబరే తప్ప పేరు ఉండకూడదని నియమం. మీ ఎముక ముక్క ఒకటి అదే నంబరుతో దాచి ఉంచాం, ఎప్పుడైనా పోల్చి చూడటానికి.

ఇంక్యుబేటరు పిలుస్తోంది, ఉంటాను.

గుండుసూది


ఏప్రిల్ 4

గుండుసూదికి,

నీ ఉత్తరం మైదానంలో కుర్ర రిఫరీలందరికీ చదివి వినిపించాను. నా మోకాలు యూనివర్సిటీలో చదువుకుంటోందంటే నోళ్ళు తెరిచారు. మా ఇంటావంటా లేని గొప్ప.

నంబరు సంగతి నాకు నచ్చింది. నంబర్లు ఆటగాళ్ళకే కానీ రిఫరీ చొక్కా మీద ఉండవు. ఇన్నాళ్ళకి నాకూ ఒకటొచ్చింది.

బద్ధకమంటావా? వాటి తప్పేం లేదు, విజిలు వినపడందే అవి కదలవు. పొద్దున్నే నేను మైదానం చుట్టూ నడుస్తున్నప్పుడు "లేవండిరా" అని వాటిని కూడా పిలుస్తున్నాను. అత్తయ్య నవ్వి, "బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే" అంది.

ఎన్నేళ్ళో తెలియదన్నావు. తెలియదంటే తొందరగా కూడా కావచ్చు కదా. పెద్ద చదువుల వాళ్ళు ముందుజాగ్రత్తకి ఎక్కువే చెబుతారు. డాక్టరు ఎడమకాలికి జూన్ మొదట్లో తేదీ ఇచ్చాడు. నోటితో సరేనన్నాను కానీ మనసుతో అనలేదు.

నీకొకటి చెప్పాలి, అత్తయ్యకు కూడా ఇలా విడమరిచి చెప్పలేదు. నా చివరి మ్యాచ్ సగంలో కాలు పట్టేసింది. విజిలు ఇంకొకడి చేతికిచ్చి, గీత దాటి బయటికి నడిచాను. జనం జాలిపడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఇప్పటికీ నా చెవుల్లో జోరీగల్లా ఉన్నాయి. నా ఆట అలా ముగియకూడదు. ఒక్క మ్యాచ్, మొదటి విజిలు నుంచి చివరి విజిలు దాకా, నేనే ఆడించాలి. దానికి ఈ ఎడమకాలు కావాలి నాకు, ఎముకతో చేసిందే.

అవి ఎంత దూరం నడిచాయో ఈసారి తప్పకుండా రాయి.

విజిలు మావయ్య


ఏప్రిల్ 22

మావయ్యా!

నమస్కారాలూ కుశల ప్రశ్నలూ తరవాత. లేచాయి!

మీరు పిలిచారనే అనుకుంటాను. రెండు వారాల కిందట చూస్తే జెల్లీ నిండా ఉన్నాయి. నా కళ్ళను నేను నమ్మలేక పక్క బల్లావిడను పిలిచి చూపించాను. మీ వయసువాళ్ళ కణాలు ఇంత చురుగ్గా పెరగడం ఎవరూ చూడలేదట. నొక్కుడు వేగం పెంచాం, నడక నుంచి పరుగుకి. చిట్లలేదు, అలవలేదు. ఇంకా నొక్కమన్నట్టున్నాయి. మేడమ్ మైక్రోస్కోపు మీంచి తల ఎత్తి "ఎవరివమ్మా ఇవి?" అన్నారు. నంబరు చెప్పానంతే. గొంతు దాకా వచ్చిన "మా మావయ్యవండీ" అన్న మాట మింగేసరికి తలప్రాణం తోకకొచ్చింది.

మేడమ్ వెంటనే వ్యాసం రాశారు. సైన్సు పత్రికవాళ్ళు తీసుకుంటామన్నారు, ఏవో చిన్న పరీక్షలు చేసి పంపమన్నారు. జులైలో పెద్ద మీటింగు ఉంది, దేశదేశాల నుంచి వస్తారు, అక్కడ మేడమ్ ఈ చిప్‌నే తెర మీద చూపిస్తారు. నాకు అన్నం సయించట్లేదు, కూర్చుంటే కాళ్ళు ఆగట్లేదు.

దూరం అడిగారు కదా. అడుగులు లెక్కేస్తే మా బల్ల మీంచి మీ ఇంటిదాకా వచ్చేసి ఉంటాయి. మీ మోకాలు పరిగెడుతోంది మావయ్యా!

గుండుసూది


మే 4

నా బంగారు గుండుసూదికి,

నీ ఉత్తరం పట్టుకుని నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్ళాను. "చూడండి, నా మోకాలు పరిగెడుతోంది" అని బల్ల మీద పెట్టాను. ఆయన చదివి, కళ్ళద్దాలు తీసి, "ఇది పరిశోధన కదండీ, వైద్యం కాదు" అన్నాడు. అసూయ. జూన్ తేదీ కొట్టేయించాను. మీ మేడమ్ జులైలో అందరికీ చూపించాక, మొదట ఎక్కించేది సొంతదారుకే కదా? వర్షాలు వెనకబట్టాక మ్యాచులు మొదలవుతాయి. కొత్త విజిలు కూడా కొన్నాను.

విజిలు మావయ్య

అమ్మాయీ, ఈ నాలుగు ముక్కలూ మీ మావయ్య కవరు అంటించేలోపు నేను రాస్తున్నాను. ఎడమకాలు బయటికి వంగిపోతోంది. మొన్న గేటు దగ్గర పడ్డాడు, నీకు చెప్పొద్దన్నాడు. ఇంకా ఆలస్యం చేస్తే కొత్తగా పెట్టిన కుడి మోకాలి మీద కూడా భారం పడుతుందని డాక్టరు అంటున్నాడు. నువ్వు నిజంగా ఆ జెల్లీ పంపిస్తున్నావా? ఉన్నదున్నట్టు రాయి. - అత్తయ్య


మే 6

మావయ్యకు,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చించాను.

పత్రికవాళ్ళు అడిగిన పరీక్షల్లో ఒకటి, చిప్‌లోని కణాలు మనం చెప్పిన మనిషివేనా అని. దాచి ఉంచిన మీ ఎముక ముక్కతో పోల్చి చూస్తారు. ఏదో మామూలు తంతు అనుకుని పంపాను. ఇవాళ ఫలితం వచ్చింది. అవి మీవి కావు.

మళ్ళీ చదివాను. నంబరు తప్పేమోనని వెతికాను. కాదు. కాగితంలో వచ్చిన పోలిక చూస్తే అవి పక్క బల్లావిడ పెంచే కణాలు. ఎప్పుడో ఎవరికో ఎముకలో లేచిన క్యాన్సరు గడ్డ నుంచి తీసినవి. వాటికి అలసట తెలియదు, ముసలితనం రాదు, ఒక్కటి దూరితే చాలు చుట్టూ ఉన్నవాటి తిండంతా తినేసి నిండిపోతాయి. అందుకే ఏ ల్యాబులోనైనా ఎవరి సీసా వాళ్ళదే. ఆవిడ పారబొయ్యబోయిన ద్రవాన్ని నేను చెయ్యి పట్టుకుని ఆపి మరీ నా సీసాలోకి ఒంపుకున్నాను కదా, అందులో కంటికి కనపడకుండా అవి వచ్చాయి. గొప్పగా మీకు రాశాను కూడా.

మీ కణాలు బద్ధకపువని తిట్టాను. అవి మాత్రమే నిజమైనవి మావయ్యా. లేచాయని నేను గంతులేసిన రోజుకి అవి లేవు.

మేడమ్‌కి ఇంకా చెప్పలేదు. ఆవిడ పక్క గదిలోనే మీటింగుకి బొమ్మలు సిద్ధం చేసుకుంటున్నారు, ఏదో కూనిరాగం కూడా తీస్తున్నారు. ఆ ఫలితం కాగితం నా డెస్కు మీద బోర్లా పెట్టి ఉంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి వస్తున్నాను. వెళ్ళి, మళ్ళీ వస్తున్నాను. ముందు మీకే రాయాలనిపించింది, ఎందుకో తెలియదు.

గుండుసూది


మే 9

మావయ్యకు,

మీ నాలుగో తేదీ ఉత్తరం ఇప్పుడే అందింది. నిలబడే రాస్తున్నాను, అక్షరాలు చూసి కోప్పడకండి.

తేదీ ఎందుకు కొట్టేయించారు? జెల్లీ లేదు. మీ కోసం ఎప్పుడూ లేదు. మోకాలు పరిగెడుతోందని రాసింది సంబరంలో, అది మీరు డాక్టరు బల్ల మీద పెడతారని నాకేం తెలుసు? తప్పు నాదే, ఎన్నేళ్ళో తెలియదని ఒక్క ముక్క రాసి, మిగతా ఉత్తరమంతా సరదాలు రాశాను. ఆ గడ్డ కణాలు నిజంగా మీ మోకాల్లోకి వెళ్ళి ఉంటే ఏమయ్యేదో తలుచుకోలేకపోతున్నాను.

వెంటనే వెళ్ళి ఆ తేదీ మళ్ళీ అడగండి. గేటు దగ్గర పడ్డారని అత్తయ్య రాశారు, ఆవిడ మీద అరవకండి.

మేడమ్‌కి నిన్న చెప్పేశాను.

గుండుసూది


మే 12

గుండుసూదికి,

నీ ఆరో తేదీ ఉత్తరానికి ఇది జవాబు.

అరికాలి మంట నెత్తికెక్కింది. పొద్దున్నే ఎవడి గడ్డతోనో కలిసి మైదానం చుట్టూ నడిచానన్నమాట. "లేవండిరా" అని పిలిస్తే లేచింది ఎవడో పరాయివాడు. కుర్రాళ్ళంతా "సార్, మోకాలు ఎలా ఉంది?" అని అడుగుతున్నారు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

అడగలేదు కానీ రిఫరీగా ఒక మాట చెబుతాను. గోల్ అని చెయ్యి చూపించాక తప్పని తెలిస్తే, ఆట మళ్ళీ మొదలవకముందే అయితే మార్చుకోవచ్చు. బంతి మధ్యలో పెట్టి ఆట మొదలెట్టేశాక ఎవడొచ్చినా మార్చలేడు. మీ మీటింగు ఇంకా జరగలేదు. మేడమ్‌కి చెప్పు. తిడితే పడు.

ఇక మావయ్యగా. నా వాళ్ళు ఎప్పుడు పోయారు? ఏ రోజు? నువ్వు వాళ్ళను తిట్టిన రోజున బతికే ఉన్నారా? ఐసు పెట్టెలో పట్టుకెళ్ళి, పరాయి సీసా నీళ్ళు తాగించావు. అత్తయ్య ఒంపితే నా జుట్టు పోయింది, నువ్వు ఒంపితే కాలు పోయింది.

ఆపరేషన్ మాట నా దగ్గర ఎత్తకు. నాకు ఎవరి ఇనుమూ వద్దు, ఎవరి జెల్లీ వద్దు.

మావయ్య


మే 24

మావయ్యకు,

"విజిలు" అని రాయకుండా వట్టి "మావయ్య" అని సంతకం పెట్టారు. ఎర్ర కార్డు కంటే అదే ఎక్కువ తగిలింది.

మీ ఉత్తరం అందకముందే మేడమ్‌కి చెప్పేశాను, ఆ సంగతి తొమ్మిదో తేదీన రాశాను, అందే ఉంటుంది. ఆవిడ కూనిరాగం ఆపేసి కాగితం చాలాసేపు చూశారు. అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది. కంప్యూటరు వైపు తిరిగి, పత్రికవాళ్ళకు వ్యాసం వెనక్కి తీసుకుంటున్నామని రాశారు, మీటింగువాళ్ళకు రావట్లేదని రాశారు. అన్నీ అయ్యాక "ఆ సీసా ఎందుకు ఒంపావు?" అన్నారు. మా ఇంట్లో ఏదీ పారబొయ్యరండీ అన్నాను. ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద పెద్ద అక్షరాలతో, ఒకరి సీసా ఒకరు ముట్టకూడదని ఉంది. అందరూ అది చదివి నా వైపు చూస్తారు. నాకు ఆ గదిలో నిలబడబుద్ధి కాదు, బయటికి వెళ్ళబుద్ధి కాదు.

మీవాళ్ళు ఎప్పుడు పోయారని అడిగారు. రోజు తెలియదు. మార్చి నెలాఖరుకి తగ్గుతూ వచ్చి ఉంటారు. నేను తిట్టిన రోజుల్లో బతికే ఉన్నారు. అప్పుడు నెమ్మదిగా, సరిగ్గా, ఆ వయసు కణాలు ఎలా ఉండాలో అలాగే ఉన్నారు. నాకే ఓపిక లేకపోయింది.

మీ కణాలు నాకు అక్కర్లేదు మావయ్యా. నాకు మీరు కావాలి. గేటు దగ్గర పడకుండా, రైల్వే స్టేషన్లో నా పెట్టె లాక్కుని నాకంటే ముందు నడిచే మీరు. అదొక్కటీ దయచేసి వినండి.

గుండుసూది


జూన్ 15

మావయ్యకు,

జవాబు లేదు. ఫోను చేస్తే అత్తయ్య "మైదానానికి వెళ్ళాడు" అంటారు. వంగిన కాలితో మైదానంలో ఏం పని? నిన్న మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇవాళ కూడా ఎత్తలేదు. పోస్టు వచ్చే వేళకి కిందికి దిగి గేటు దగ్గర నిలబడుతున్నాను, వాచ్‌మన్ నన్ను చూసి ముందే తల అడ్డంగా ఊపుతున్నాడు.

తిట్టడానికైనా రాయండి.

గుండుసూది


జూన్ 21

గుండుసూదికి,

ఇది ఆసుపత్రి మంచం మీంచి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే మంచం తప్పు.

నీ ఉత్తరాలన్నీ చదివాను, చెప్పినట్టే రెండేసిసార్లు. కోపం తగ్గలేదు. మొండితనం అంతకంటే తగ్గలేదు. నా ఎడమకాలు నాకు తెలియదా అని, కుర్రాళ్ళ ప్రాక్టీసు మ్యాచ్ ఉంటే అత్తయ్యకు చెప్పకుండా విజిలు పట్టుకుని దిగిపోయాను. మొదటి సగం నడిపించాను. నడిపించానంటే నిజంగానే నడుస్తూ. బంతి నాకు దూరమైపోతుంటే కేకలతోనే ఆడించాను. రెండో సగంలో బంతి మూలకి వెళ్ళింది. దాని వెనక నాలుగు అడుగులు పరిగెత్తాను. కాలు లేదు కింద. పడ్డాను.

కుర్రాళ్ళు ఆట ఆపలేదు. ఎందుకాపుతారు, విజిలు పడలేదుగా? అలాగే నేర్పాను నేను. కొత్తవాడొకడు నా వైపు పరిగెత్తుకొచ్చి "విజిలు ఇవ్వండి సార్" అని చెయ్యి చాపాడు. ఇవ్వలేదు. గడ్డిలో పడుకునే నోట్లో పెట్టుకుని గట్టిగా, పొడుగ్గా ఊదాను. అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఆట అయిపోయింది అని చేతులతో చూపించాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హాయిగా ఉంది. ఏడుపొచ్చింది కూడా, అబద్ధమెందుకు.

తరవాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. నువ్వు ఫోను చేసినప్పుడు అందరం ఆసుపత్రిలో ఉన్నాం. నీకు చెప్పొద్దని నేనే అన్నాను, అయ్యాక చెబుదామని. అయింది.

ఇక అసలు విషయం. మత్తు ఇచ్చేముందు డాక్టరుని సంతకాల కాగితం తెమ్మన్నాను. తీసిన ముక్కలు కిందటిసారిలాగే ఐసు పెట్టెలో మీ ల్యాబుకి పంపించమన్నాను. ఈ ఉత్తరం కంటే పెట్టె ముందే చేరుతుంది. ఎడమకాలివాళ్ళు కుడికాలివాళ్ళ కంటే బద్ధకస్తులు, ముందే చెబుతున్నాను. తిట్టకు. నాకేమీ ఎక్కించొద్దు, తెర మీద చూపించొద్దు. ఊరికే వాళ్ళను వాళ్ళలా ఉండనివ్వు, చాలు.

ఇంట్లో సీసాలన్నిటికీ అత్తయ్య కాగితాలు అంటించిందట. షాంపూ మీద షాంపూ అనే ఉందట. చూశాక నమ్ముతాను.

విజిలు మావయ్య


ఆగస్టు 8

విజిలు మావయ్యకు,

గుండుసూది నమస్కారాలు. రెండు కర్రల నుంచి ఒక కర్రకి వచ్చారని అత్తయ్య చెప్పారు. ఒక కర్రతో కుర్ర రిఫరీలను అదిలిస్తున్నారని కూడా చెప్పారు.

పెట్టె వచ్చిన రోజు మేడమ్ తనే వచ్చి నా పక్కన నిలబడ్డారు. ముక్కలు నేను తరుగుతుంటే ఆవిడ సీసాలకు నంబర్లు రాశారు. పని అయ్యాక సీసా అడుగున కొంచెం ద్రవం మిగిలింది. సింకులో పారబోశాను. చెయ్యి ఒక్క క్షణం ఆగింది, అయినా పారబోశాను.

మీరన్నది నిజమే, వీళ్ళు మరీ బద్ధకం. సగం మంది మొదటి వారంలోనే పోయారు. మిగిలినవాళ్ళు జెల్లీలో దూరదూరంగా కూర్చున్నారు, రాజుగారి బంధువుల్లా. నొక్కితే నొక్కించుకుంటారు, వదిలితే ఊరుకుంటారు. వ్యాసం రాసేంత సంగతేమీ లేదు. నా చదువు ఇంకో ఏడాది వెనక్కి జరిగింది. ఇప్పటికీ గదిలో కుదురుగా కూర్చోలేను, గంటకోసారి వెళ్ళి చూసి వస్తాను. కానీ తిట్టట్లేదు.

ఈసారి ఎవరూ అడగకముందే పరీక్షకి పంపాం. నిన్న కాగితం వచ్చింది. ఒక్కదాన్నే విప్పే ధైర్యం లేక మేడమ్ ముందు పెట్టి విప్పాను. ఆవిడ చదివి నా వైపు తోశారు.

మీవే మావయ్యా.

గుండుసూది